షరతుల అప్పు: ఘనాకు, జాంబియాకు, మనకు ఒకే ఫలితం ఎందుకు రాలేదు?

ప్రశ్న ఇదీ. చెన్నై అన్నానగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతున్న ఒక నెల్లూరు అబ్బాయి అడిగాడు. రూమ్మేట్లలో ఒకరు ప్రపంచ బ్యాంకు, ఐఎమ్ఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) షరతుల అప్పులే ఆఫ్రికాను ముంచాయంటారట. ఇంకొకరు 1991లో మనల్ని గట్టెక్కించింది అవేనంటారట. ఎవరిది రైటు? పక్కనే శ్రీలంక ఇప్పుడు అదే దారిలో ఉంది కదా, దాన్నెలా చూడాలి?

మీ రూమ్మేట్లిద్దరూ మంచిచెడులన్నీ అప్పు ఖాతాలోనే రాసేస్తున్నారు. నేను మద్రాసులో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు విదేశీ మారక విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. 1991కి ముందూ తర్వాతా ఎగుమతి, దిగుమతి కాగితాలు నా టేబుల్ మీదుగానే వెళ్లాయి. నాకు అర్థమైనంతలో షరతుల జాబితా చూసి ఫలితం చెప్పలేం. ఏ పని ముందు చేశారు, ఏది వెనక చేశారు, ఆ మధ్యలో జనానికి ఎంత వ్యవధి దొరికింది, ఈ మూడూ చూడాలి. జాబితా దాదాపు అన్ని దేశాలకూ ఒకటే. వరుస మాత్రం ఒకటి కాదు.

ముందు ఈ అప్పు ఎలాంటిదో చూద్దాం. ప్రపంచ బ్యాంకు మామూలుగా ఇచ్చేది ప్రాజెక్టు అప్పు. 1949లో మన రైల్వేలకు ఇచ్చిన మొదటి అప్పు అలాంటిదే. డబ్బు ఇంజన్లకో, డ్యాముకో, రోడ్డుకో వెళ్తుంది. 1980లో టర్కీ, కెన్యాలతో మొదలైన స్ట్రక్చరల్ అడ్జస్ట్‌మెంట్ అప్పు అలా కాదు. మన పుస్తకాల్లో దీన్నే నిర్మాణాత్మక సర్దుబాటు అంటారు. ఇందులో డాలర్లు నేరుగా ఖజానాకు వస్తాయి, దేనికైనా వాడుకోవచ్చు. బదులుగా ప్రభుత్వం విధానాలు మార్చాలి: కరెన్సీ విలువ తగ్గించడం, దిగుమతి సుంకాలు, సబ్సిడీలు కోయడం, నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థల్ని అమ్మడమో మూయడమో. డబ్బు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. కొన్ని పనులు సంతకానికి ముందే చేసి చూపించాలి. మిగతావి చేసేకొద్దీ తర్వాతి విడత విడుదలవుతుంది.

ఐఎమ్ఎఫ్ పాత్ర కొంచెం వేరు. దాని చూపంతా విదేశీ చెల్లింపుల లోటు మీద, బడ్జెట్ లోటు మీద ఉంటుంది. ప్రపంచ బ్యాంకు రంగాలవారీగా చెబుతుంది: వ్యవసాయం, విద్యుత్తు, పరిశ్రమలు. కానీ డబ్బు అవసరమైన దేశం ఇద్దరి దగ్గరికీ వెళ్లాల్సిందే. ఐఎమ్ఎఫ్ సరే అనకపోతే మిగతా అప్పులవాళ్లు కూడా చేతులు ముడుచుకుని కూర్చుంటారు. ఐఎమ్ఎఫ్ ఇచ్చే డబ్బు కంటే దాని సంతకానికే విలువ ఎక్కువ అని మా విభాగంలో పెద్దలు అనేవారు. అది నిజమే.

ఇదంతా 1980ల్లోనే ఎందుకు పెరిగింది? 1970ల్లో చమురు ధరలు పెరిగి పశ్చిమ దేశాల బ్యాంకుల్లో డబ్బు పోగుపడింది. దాన్ని లాటిన్ అమెరికా, ఆఫ్రికా ప్రభుత్వాలకు మారే వడ్డీతో అప్పిచ్చారు. ద్రవ్యోల్బణం తగ్గించడానికి అమెరికా 1981 నాటికి తన వడ్డీని 20 శాతం దగ్గరికి తీసుకెళ్లింది. అదే సమయంలో రాగి, కోకో లాంటి సరుకుల ధరలు పడ్డాయి. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనని చెప్పేసింది. ఆ తర్వాత కొత్త అప్పు దొరికే చోటు దాదాపు ఈ రెండు సంస్థలే. ఇది గుర్తుపెట్టుకుంటే మీ మొదటి రూమ్మేట్ వాదనలో సగం సడలిపోతుంది. ఆ దేశాలు మునగడం షరతులు రాకముందే మొదలైంది. షరతులు దాన్ని ఆపాయా, పెంచాయా అన్నదే అసలు ప్రశ్న.

ఘనా సంగతి చూడండి. కోకో ఆ దేశానికి ప్రాణం. 1960ల నడుమ అయిదు లక్షల టన్నులు దాటిన పంట 1983-84కి లక్షా అరవై వేల టన్నుల దగ్గరికి పడిపోయింది. కారణం వర్షాలొక్కటే కాదు. కరెన్సీ సెడీని డాలరుకు 2.75 దగ్గర కట్టేసి ఉంచారు. బయట మార్కెట్లో దాని విలువ అందులో చాలా చిన్న వంతు. ప్రభుత్వ బోర్డు ఆ అధికారిక రేటు లెక్కన కోకో కొంటే రైతు చేతికి ఏమీ మిగలదు. అందుకని సరిహద్దు దాటించి ఐవరీ కోస్ట్‌లో అమ్ముకునేవారు, లేదంటే చెట్లను పట్టించుకోవడం మానేశారు. 1983లో జెర్రీ రాలింగ్స్ ప్రభుత్వం ఐఎమ్ఎఫ్ కార్యక్రమంలో చేరింది. ఆయన తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చిన సైనికాధికారి, మొదట్లో వామపక్ష మాటలు మాట్లాడినవాడు. 1986కి సెడీ డాలరుకు 90కి వచ్చింది. రైతుకిచ్చే ధర పెంచారు, దశాబ్దం చివరికి పంట మూడు లక్షల టన్నులకు ఎక్కింది. ఇక్కడ కరెన్సీ తగ్గింపు పనిచేసింది. ధర మారితే వెంటనే స్పందించగల రైతు, చెట్టు, పంట అప్పటికే ఉన్నాయి కాబట్టి.

అదే ఘనాలో 1985లో ప్రభుత్వ ఆసుపత్రి ఫీజులు బాగా పెంచారు. కోకో చెట్టు లేనివాడికి పెరిగిన కోకో ధరతో ఏం లాభం? వాడికి ఫీజు మాత్రమే మిగిలింది. 1987లో యునిసెఫ్ ఈ కార్యక్రమాల్లో మనుషుల సంగతి మర్చిపోయారని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది ఘనాలో నష్టపోయినవాళ్ల కోసం ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు. అంటే సర్దుబాటు మొదలైన నాలుగేళ్లకు.

జాంబియా కథ ఇంకో రకం. అక్కడ ఉన్నది రాగి. గని ఒక ఏడాదిలో పెరగదు, కరెన్సీ విలువ తగ్గించినంత మాత్రాన ప్రపంచ మార్కెట్లో రాగి ధర పెరగదు. 1986 డిసెంబరులో మొక్కజొన్న పిండి సబ్సిడీ తీసేసరికి రాగి గనుల ప్రాంతంలో అల్లర్లు జరిగాయి. అధ్యక్షుడు కెన్నెత్ కౌండా వెనక్కి తగ్గాడు, 1987లో ఐఎమ్ఎఫ్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. మళ్లీ వెళ్లాడు. 1990లో మళ్లీ అల్లర్లు. 1991 ఎన్నికల్లో ఓడిపోయాడు. కొత్త ప్రభుత్వం ఉత్సాహంగా అన్ని తలుపులూ ఒకేసారి తీసేసింది: సుంకాలు, వడ్డీరేట్లు, మారకం రేటు. 1993లో ద్రవ్యోల్బణం 180 శాతం దాటింది. కొత్త మిషన్ కొందామంటే వడ్డీ భరించే స్థితిలో ఏ ఫ్యాక్టరీ లేదు. సరిగ్గా అప్పుడే సరిహద్దు తెరిచారు. పశ్చిమ దేశాల నుంచి పాత బట్టల మూటలు దిగాయి, అక్కడ వాటిని సలౌలా అంటారు. దేశంలోని బట్టల మిల్లులు వరుసగా మూతపడ్డాయి.

మొజాంబిక్ జీడి సంగతి మనవాళ్లకు తప్పక చెప్పాలి, ఎందుకంటే అందులో మన చెయ్యి కూడా ఉంది. అక్కడ జీడిపిక్కల్ని దేశంలోనే కొట్టి పప్పు తీయాలని పచ్చి పిక్కల ఎగుమతి మీద మొదట నిషేధం, తర్వాత సుంకం పెట్టారు. సుంకం తీస్తే రైతుకు మంచి ధర వస్తుందని 1995 ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు పట్టుబట్టింది. లెక్క తప్పేమీ కాదు, కాగితం మీద. అప్పుడే ఫ్యాక్టరీలను ప్రైవేటువాళ్లకు అమ్మి ఉన్నారు. కొన్నవాళ్లు నిలదొక్కుకోకముందే సుంకం తగ్గింది. పచ్చి పిక్కలు ఎక్కువగా మన దేశానికి వచ్చాయి. ఇక్కడ తక్కువ కూలికి చేత్తో కొట్టే మనుషులున్నారు. పలాసలోనో కొల్లంలోనో జీడి కార్ఖానా చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. మొజాంబిక్ ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది పని పోగొట్టుకున్నారు, వాళ్లలో చాలామంది ఆడవాళ్లు. తర్వాత ఆర్థికవేత్తలు లెక్కవేస్తే జీడి పండించే సగటు కుటుంబానికి దక్కిన అదనపు లాభం ఏడాదికి అయిదారు డాలర్లు. మిగతాది మధ్యలో వర్తకులు తీసుకున్నారు. కొన్నేళ్లకు అక్కడి పార్లమెంటు సుంకాన్ని మళ్లీ పెంచింది. ఈ ఒక్క ఉదాహరణ బాగా చదువుకోండి, పరీక్షలో పది పేజీల సిద్ధాంతం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక మన 1991. ఆ ఏడాది సంస్కరణలు జూలైలో మొదలయ్యాయని చదువుతారు. ఎల్‌సీలు (దిగుమతి సరుకుకు డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాలు) చూసే మాకు మాత్రం వేడి 1990 అక్టోబరులోనే తగిలింది. యంత్రాలు కాకుండా వేరే సరుకు దిగుమతి చేసుకోవాలంటే ఎల్‌సీ విలువలో 50 శాతం నగదు మార్జిన్ కట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 1991 మార్చిలో అది 133 శాతం దాటింది, ఏప్రిల్లో 200 శాతం అయింది. అంటే కోటి రూపాయల ముడిసరుకు కావాలంటే రెండు కోట్లు ముందు బ్యాంకులో పెట్టాలి. ఇది ఐఎమ్ఎఫ్ చెప్పి చేయించింది కాదు. డాలర్లు లేక మనంతట మనం చేసుకున్న సర్దుబాటు. అంబత్తూరు, గిండీ ఎస్టేట్లలోని చిన్న యూనిట్లవాళ్లు మార్జిన్ కట్టలేక షిఫ్టులు తగ్గించారు. సంస్కరణల వల్ల 1991-92లో ఉత్పత్తి పడిపోయిందని రాసేవాళ్లు ఈ భాగాన్ని వదిలేస్తుంటారు. ఆ ఏడాది వృద్ధి ఒక శాతం చిల్లరకు దిగిన మాట నిజం, కానీ దిగుమతుల గొంతు అంతకుముందే నొక్కేశారు.

జూన్ నాటికి మిగిలిన డాలర్లు రెండు వారాల దిగుమతులకు సరిపోయేంత. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్‌లో అమ్మారు. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. జూలై 1న, 3న రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు, మొత్తం మీద 18 శాతం పైన. పి.వి. నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి, ఇక్కడి శివగంగ నుంచి వెళ్లిన చిదంబరం వాణిజ్య మంత్రి. విదేశీ చెల్లింపుల పని చూసే జాయింట్ సెక్రటరీ మన వై.వి. రెడ్డి. ఎగుమతిదారులకిచ్చే నగదు సబ్సిడీని అప్పుడే రద్దు చేశారు. బదులుగా ఎగుమతి విలువలో 30 శాతానికి ఎగ్జిమ్ స్క్రిప్ ఇచ్చారు. దిగుమతి చేసుకునే హక్కు కాగితమది, బజారులో అమ్ముకోవచ్చు.

ఇది చాలా తెలివైన పని అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ఆంబూరు, వాణియంబాడి తోలు ఎగుమతిదారులు సబ్సిడీ పోయిందని మొదట తిట్టుకుంటూ వచ్చారు. రూపాయి తగ్గడంతో వచ్చింది, స్క్రిప్ ప్రీమియంతో వచ్చింది కలిపి చూసుకున్నాక గొడవ సద్దుమణిగింది. దిగుమతి కావాల్సినవాడు లైసెన్సు కోసం ఢిల్లీలో గుమస్తా చుట్టూ తిరగకుండా ఎగుమతిదారుడి దగ్గర స్క్రిప్ కొనుక్కునేవాడు. 1992 మార్చిలో స్క్రిప్‌లు పోయి రెండు రేట్ల పద్ధతి వచ్చింది: ఎగుమతి డాలర్లలో 40 శాతం అధికారిక రేటుకు, 60 శాతం మార్కెట్ రేటుకు. ఏడాది తిరిగేసరికి, 1993 మార్చిలో, రెండూ కలిసి ఒకే మార్కెట్ రేటు అయ్యాయి. ఒక్క రాత్రిలో చేసి ఉంటే టెన్షన్‌తో సగం మంది దిగుమతిదారులు చేతులెత్తేసేవారు. మెట్టు మెట్టుగా దించారు కాబట్టి ప్రతి మెట్టు దగ్గర జనం తమ లెక్కలు సరిచేసుకున్నారు.

సుంకాలూ అంతే. అప్పటిదాకా కొన్ని సరుకుల మీద 300 శాతం పైన ఉన్న గరిష్ఠ సుంకం 1991 జూలై బడ్జెట్‌లో 150కి, 1992లో 110కి, తర్వాత 85కి, 65కి, 1995లో 50కి వచ్చింది. ఏటా ఎంత తగ్గబోతోందో ఫ్యాక్టరీవాడు ఊహించుకోగలిగాడు. ముడిసరుకులు, యంత్రాలు ముందు తెరిచారు. మామూలు జనం కొనే వినియోగ వస్తువుల దిగుమతి ఆంక్షలు 2001 ఏప్రిల్ దాకా పూర్తిగా పోలేదు, అదీ ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికాతో కేసు ఓడిపోయాక. జాంబియా బట్టల మిల్లుకు దొరకని పదేళ్లు తిరుపూర్‌కు దొరికాయి. నా సమాధానంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటానంటే అది ఇదే.

మరి మనకెందుకు దొరికాయి? మనం తీసుకున్నది తక్కువ. 1991 జనవరిలో ఐఎమ్ఎఫ్ నుంచి సుమారు 180 కోట్ల డాలర్లు, అక్టోబరు ఒప్పందంలో సుమారు 220 కోట్లు, డిసెంబరులో ప్రపంచ బ్యాంకు సర్దుబాటు అప్పు 50 కోట్లు. అన్నీ కలిపినా జీడీపీలో రెండు శాతానికి లోపే. తక్కువ అప్పు ఉన్నవాడు బేరమాడగలడు. కార్మిక చట్టాలు ముట్టుకోలేదు, పెట్టుబడి డాలర్లు ఇష్టం వచ్చినట్టు రావడానికి, పోవడానికి వదల్లేదు. ఎరువుల ధర 40 శాతం పెంచుతామని బడ్జెట్‌లో ప్రకటించి, గోల జరగ్గానే 30కి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులను మినహాయించారు. ఐఎమ్ఎఫ్ దాన్నీ దిగమింగుకుంది. ఇంకో సంగతి, చేయాల్సిన పనుల చిత్తుప్రతులు చాలావరకు మన అధికారుల సొరుగుల్లో ముందు నుంచే ఉన్నాయి. ఎవరో రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టడానికి, మనం రాసుకున్న కాగితాన్ని అప్పులవాడికి చూపించడానికి చాలా తేడా ఉంది. ఐఎమ్ఎఫ్ బాకీ 2000 నాటికి తీరిపోయింది.

అయితే మీ రెండో రూమ్మేట్ మరీ సంబరపడక్కర్లేదు. లోటు తగ్గించడానికి కేంద్రం కోసినవాటిలో రోడ్లు, విద్యుత్తు, నీటిపారుదల పెట్టుబడులు ఎక్కువ. జీతాలు కోయడం కష్టం, కట్టని కాలువను కోయడం తేలిక. రేషన్ బియ్యం జారీ ధర పెరిగింది. ప్రభుత్వ సంస్థల్లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పేరుతో ఇంటికి వెళ్లినవాళ్లలో చాలామందికి చేతికొచ్చిన డబ్బు ఎక్కువ కాలం ఆగలేదు.

రాష్ట్రాల స్థాయిలో ఇదే కథ తర్వాత నడిచింది, తెలుగువాళ్లకు అది బాగానే తెలుసు. 1990ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ సంస్కరణలు మొదలుపెట్టింది. 1999లో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టింది. 2000లో చార్జీలు పెంచారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. కర్ణాటక కూడా 2001లో ఇలాంటి అప్పు తీసుకుంది. లైన్ల నష్టాలు తగ్గించడం, మీటర్లు పెట్టడం, దొంగ కనెక్షన్లు తీసేయడం నెమ్మదిగా సాగే పనులు, కనబడవు. చార్జీ మాత్రం తర్వాతి నెల బిల్లులోనే కనబడుతుంది. సరఫరా బాగుపడకముందే ధర పెరిగితే వినియోగదారుడికి దక్కేది పాత కరెంటే, కొత్త బిల్లుతో. 2004లో కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టిన తొలి సంతకం ఎందుకంత పెద్ద సంగతి అయిందో ఇక్కడి నుంచే అర్థం చేసుకోవాలి.

ప్రపంచ బ్యాంకు కూడా తన లెక్క మార్చుకుంది, కనీసం కాగితం మీద. 1996లో అతి పేద దేశాల అప్పు మాఫీ పథకం వచ్చింది, 1999 నుంచి పేదరిక తగ్గింపు పత్రాన్ని దేశమే రాసుకోవాలన్నారు, 2004లో సర్దుబాటు అప్పు అనే పేరే తీసేశారు. ఉగాండా 1997లో ప్రాథమిక బడి ఫీజులు తీసేస్తే ముప్ఫై లక్షల చిల్లర ఉన్న పిల్లల సంఖ్య ఒక్క ఏడాదిలో యాభై లక్షలు దాటింది. పదేళ్లపాటు ఆ ఫీజులు ఎవర్ని బయట నిలబెట్టాయో ఆ ఒక్క అంకె చెబుతోంది.

శ్రీలంక గురించి. 2019 చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు. ఈ రెండూ వాళ్ల సొంత నిర్ణయాలే, వాషింగ్టన్ నుంచి వచ్చినవి కావు. కోవిడ్‌తో పర్యాటకం ఆగింది. 2022 ఏప్రిల్లో విదేశీ అప్పు కట్టలేమన్నారు, ఆ నెలల్లో ధనుష్కోడి ఒడ్డున దిగిన కుటుంబాల వార్తలు మీరు ఇక్కడి పేపర్లలో చూసే ఉంటారు. సెప్టెంబరుకు ద్రవ్యోల్బణం 70 శాతం. 2023 మార్చిలో ఐఎమ్ఎఫ్ సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమం ఒప్పుకుంది, శ్రీలంకకు అది పదిహేడోది. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెరిగాయి. వ్యాట్ 2024 జనవరికి 18 అయింది.

ద్రవ్యోల్బణం 2023 నడుమకే ఒక అంకెలోకి దిగింది కాబట్టి గెలిచినట్టే అనేవాళ్లున్నారు. నేను ఇంకో చోట చూస్తాను. 2023లో దేశీయ అప్పును తిరగరాసినప్పుడు బ్యాంకులను వదిలేసి ఉద్యోగుల భవిష్య నిధి బాండ్ల వడ్డీ తగ్గించారు. బ్యాంకులు కూలితే ఇంకా ప్రమాదమనే వాదనలో బలం లేకపోలేదు. కానీ భారం పడింది కొలంబో గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి పెన్షన్ డబ్బు మీద. 2024లో గెలిచిన అనుర కుమార దిసానాయకే ఒప్పందాన్ని మళ్లీ చర్చిస్తామని చెప్పి గెలిచాడు, గెలిచాక కార్యక్రమంలోనే కొనసాగాడు. జీడీపీతో పోలిస్తే అప్పు అంత పెద్దదైనప్పుడు బేరమాడే చోటు ఎంత తక్కువో మన 1991తో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఒప్పందాల కాగితాలు ఐఎమ్ఎఫ్ సైట్‌లో ఉంటాయి. ఏమేం చేస్తామో చెబుతూ ప్రభుత్వం ఐఎమ్ఎఫ్‌కు రాసే లేఖ మొదటి పేజీలు వదిలేసి చివర్లో ఉండే పట్టికకు వెళ్లండి. ఏ పని ఏ నెలలోపు చేయాలో అందులో ఉంటుంది. పేదలకిచ్చే నగదు సాయం ఏ తేదీకి మొదలవుతుంది, చార్జీల పెంపు ఏ తేదీకి పడుతుంది, ఈ రెండు తేదీలూ పెన్సిల్‌తో గీసుకోండి. మీ రూమ్మేట్లిద్దర్నీ కూర్చోబెట్టి వాదన అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.